రబ్బరు మొక్కకి కిటికీ ఇవ్వండి

మా వీధిలో గేట్ల పక్కన పెట్టిన ఖాళీ కుండీలు చూసి ఏ ఇంట్లో ఏ మొక్క పోయిందో చెప్పగలను. తులసి పోతే కోట అలాగే ఉంటుంది, వారంలో ఇంకో మొక్క వచ్చేస్తుంది. మనీ ప్లాంట్ అంత తొందరగా పోదు. తెల్లటి పింగాణీ కుండీ, మధ్యలో బొటనవేలంత మోడు, చుట్టూ రాయిలా బిగిసిపోయిన మట్టి ఉన్నాయంటే అది రబ్బరు మొక్కే. ఈ ఏడాది వేసవి నుంచి మూడు చూశాను. మూడూ ముచ్చటపడి కొనుక్కున్నవే. మూడిళ్ళ వాళ్ళూ రోజూ తప్పకుండా నీళ్ళు పోసినవాళ్ళే. అందుకే చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

కిందటి వారం పక్కింటి వదిన పసుపు పచ్చగా మారిన ఆకులు రెండు చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఏటి వదినా, మీ మొక్కేమో కిటికీ నిండా ఉంది, మాదేటి ఇలగైపోతంది? రోజూ చెంబుడు నీళ్ళు పోస్తన్నాను. చాలట్లేదంటావా?"

"నీళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ఎక్కడ పెట్టేరు?"

"హాల్లోనే, టీవీ పక్కన. వచ్చినోళ్ళకి కనిపిస్తాదని."

వెళ్ళి చూశాను. పగలు పదకొండు గంటలు. బయట ఎండ పేలిపోతోంది. హాల్లో ట్యూబులైటు వేసి ఉంది. కిటికీకి రెండు వరసల కర్టెన్లు, వాటి వెనక దోమల మెష్, మెష్ అవతల నాలుగడుగుల దూరంలో పక్కింటి గోడ. మొక్క ఆ కిటికీకి పన్నెండడుగుల దూరంలో మూలన ఉంది. కింద నాలుగు ఆకులు రాలిపోయి కాండం బోసిగా కనిపిస్తోంది. పైన కొత్తగా వచ్చిన ఆకు అరచేతిలో సగం కూడా లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన ఊళ్ళలో రబ్బరు మొక్క చీకటి వల్ల చస్తోంది. నీళ్ళు ఎక్కువై కుళ్ళిందని అందరూ అంటారు, అది నిజమే. కానీ ఆ నీళ్ళు ఎక్కువ కావడానికి కారణం చెంబు పెద్దదవడం కాదు, వెలుగు తక్కువవడం. ఆ సంగతి ఎవరూ చెప్పరు. మొక్క అమ్మినవాళ్ళూ చెప్పరు. "ఇండోర్ ప్లాంట్ అండి, ఎక్కడ పెట్టినా ఉంటుంది" అనే మాట ఒకటి ఉంది చూశారా, ఆ మాటే ఇన్ని మొక్కల్ని మట్టిలో కలిపింది.

నా మొదటి మొక్క కూడా అలాగే పోయింది. 2012లో కొన్నాను. హాల్లో సోఫా పక్క మూల ఖాళీగా ఉందని అక్కడ పెట్టాను. రోజు విడిచి రోజు నీళ్ళు. మూడో నెలకి కింది ఆకులు ఒక్కొక్కటే పండి రాలడం మొదలైంది. దాహం అనుకుని రోజూ పోశాను. ఇంకా రాలాయి. ఎరువు వేశాను. నాలుగో నెలలో పైన చిగురు నల్లబడింది. కుండీ బోర్లించి తట్టి తీస్తే మట్టి ముద్ద మొత్తం ఒకేసారి ఊడి వచ్చింది. పైపైన పొడిగా ఉంది, లోపల బురద. మురుగు కాలువ దగ్గర వచ్చే వాసన. వేళ్ళు నల్లగా, పట్టుకుంటే పైతోలు గొట్టంలా జారిపోయి లోపల దారం లాంటి నార మాత్రం నా చేతివేళ్ళ మధ్య మిగిలింది. మధ్యలో నర్సరీ వాళ్ళు పెట్టిన జిగట మట్టి గడ్డ అలాగే ఉంది. నాలుగు నెలలైనా ఒక్క కొత్త వేరు ఆ గడ్డ దాటి బయటికి రాలేదు. ఇంత శ్రద్ధగా పెంచి, ఆ పెంచడంతోనే చంపానని అర్థమైన రోజు అది. పిల్లలకి జీవశాస్త్రం చెప్పే టీచరుని. ఆ రాత్రి అన్నం సయించలేదు.

జరిగింది ఏమిటంటే, మొక్క నీళ్ళు లాగేది ఆకుతో. వెలుగు పడితే ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాలు తెరుచుకుంటాయి, వాటిగుండా ఆవిరి బయటికి పోతుంది, పోయినకొద్దీ కింద వేరు నుంచి నీళ్ళు పైకి వస్తాయి. వెలుగు లేకపోతే ఈ పని మందగిస్తుంది. పోసిన నీళ్ళు పోసినట్టే కుండీలో ఉండిపోతాయి. వేరుకి నీళ్ళు ఎంత ముఖ్యమో గాలి కూడా అంతే ముఖ్యం. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్ళు నిలిస్తే వేరు ఊపిరాడక చచ్చిపోతుంది. చచ్చిన వేరుని బూజు పట్టుకుంటుంది. వేరు పోయాక పైకి నీళ్ళు అందవు కాబట్టి ఆకు వాడుతుంది. వాడిన ఆకు చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. అదే చెంబుడు నీళ్ళు కిటికీ దగ్గరి మొక్క నాలుగు రోజుల్లో తాగేస్తుంది. కాబట్టి "ఎన్ని రోజులకి ఒకసారి పొయ్యాలి" అని అడిగేవాళ్ళకి నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఎంత వెలుగులో ఉంది?

మన ప్రాంతంలో ఎండకి కొదవ లేదు కదా, ఇంట్లో చీకటేమిటి అంటారు. ఎండ ఎక్కువ కాబట్టే ఇంట్లో చీకటి. చలిదేశాల్లో ఇళ్ళకి పెద్ద పెద్ద అద్దాల కిటికీలు పెట్టుకుంటారు, వెలుగు లోపలికి రావాలని. మనం ఎండ లోపలికి రాకూడదని ఇల్లు కట్టుకుంటాం. మార్చి వచ్చిందంటే కర్టెన్లు దించేస్తాం. పాత పెంకుటిళ్ళలో వెలుగున్నా నీడ పట్టున ఉండే చోటు ఒకటుండేది, వీధి అరుగో, వసారానో, మండువా లోగిలి అంచో. రబ్బరు మొక్క లాంటి దానికి అంతకంటే మంచి చోటు ఉండదు. ఇప్పుడు ఇంటికీ ఇంటికీ మధ్య మూడు నాలుగు అడుగులు వదిలి స్లాబు వేస్తున్నాం. పగలు కూడా లైటు వేసుకునే హాల్లో మొక్క పెట్టి, ఏదో దేశం వాళ్ళు తీసిన వీడియో చూసి "వారానికి ఒకసారి నీళ్ళు" అని పాటిస్తున్నాం. ఆ వీడియోలో మొక్క వెనక ఆరడుగుల కిటికీ ఉందని గమనించం.

కన్ను మనల్ని మోసం చేస్తుంది, అందులో మన తప్పేమీ లేదు. వెలుగుని లక్స్‌లలో కొలుస్తారు. బయట నడి ఎండలో వెలుగు లక్ష లక్స్ వరకూ ఉంటుంది. హాలు మూలలో వంద కూడా ఉండకపోవచ్చు. వెయ్యి రెట్ల తేడా. కానీ కంటిపాప సర్దుకుంటుంది కాబట్టి లోపలికి వచ్చిన రెండు నిమిషాలకి "వెలుతురు బాగానే ఉంది" అనిపిస్తుంది. ఆకుకి అలా సర్దుకునే పాప లేదు. నేను అందరికీ చెప్పే పరీక్ష ఒకటుంది. పొద్దున్న పది పదకొండు మధ్య లైట్లన్నీ ఆపి, మొక్క పెట్టాలనుకున్న చోట ఒక తెల్ల కాగితం పెట్టి, దానికి జానెడు పైన అరచెయ్యి పట్టుకోండి. వేళ్ళ నీడ విడివిడిగా తెలిస్తే చోటు మంచిది. నీడ మసకగా పడినా పరవాలేదు, పెరుగుదల కొంచెం మందం. నీడే పడకపోతే అక్కడ ప్లాస్టిక్ మొక్క పెట్టుకోండి. కోపంతో అనడం లేదు. ప్రాణం ఉన్నదాన్ని తెచ్చి అక్కడ పెట్టకండని బతిమాలుతున్నాను.

మా ఆయన ఒకసారి ఒక ప్రశ్న అడిగారు. "చిరపుంజి వైపు అడవుల్లో పెరిగే చెట్టంటావు. అంత వానలో బతికేదానికి మన చెంబుడు నీళ్ళు ఎక్కువైపోతాయా?" చాలా మంచి ప్రశ్న. నాకు జవాబు దొరకడానికి కొన్ని రోజులు పట్టింది.

ఈ చెట్టు శాస్త్రీయ నామం ఫైకస్ ఎలాస్టికా. మర్రి, రావి, మేడి, జువ్వి అన్నీ ఈ ఫైకస్ ప్రజాతివే. టైర్లకి వాడే రబ్బరు చెట్టు వేరు, అది బ్రెజిల్ నుంచి వచ్చి కేరళలో స్థిరపడింది. ఇది మాత్రం మన ఈశాన్య కొండలదే. దీనికి పేరు పెట్టిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మనకి కొత్తవాడు కాదు. 1793లో కలకత్తా బొటానికల్ తోటకి వెళ్ళకముందు సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి మన తీరం మొక్కల్ని బొమ్మలు గీయించినవాడు. 1810లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి ఆయనకి తేనె నింపిన అల్లిక బుట్ట ఒకటి వచ్చింది. అల్లిక బుట్టలో తేనె కారకుండా ఎలా నిలిచిందా అని చూస్తే లోపలంతా ఏదో చెట్టు పాలు పూసి ఉంది. ఆ పాలు ఈ చెట్టువే.

ఈ చెట్టు చాలాసార్లు నేల మీద మొలవదు. పిట్ట వేసిన గింజ ఇంకో చెట్టు కొమ్మ పంగలో మొలుస్తుంది. అక్కడ గుప్పెడు ఆకు చెత్త తప్ప మట్టి ఉండదు. పైనుంచి వేళ్ళు గాల్లో వేలాడుతూ నేల వెతుక్కుంటాయి. మేఘాలయలో ఖాసీలు, జయంతియాలు ఆ వేళ్ళనే వాగుల మీదుగా సాగదీసి అల్లి వంతెనలు చేస్తారు. చిరపుంజి దగ్గర నాంగ్రియాట్‌లో ఒకదానిపైన ఒకటి రెండు అంతస్తుల వంతెన ఉంది. ఒక వంతెన మనిషి బరువు మోసేంత గట్టిపడడానికి ఏళ్ళు పడుతుంది, ఒకరు మొదలుపెడితే వాళ్ళ పిల్లలు నడుస్తారు. వాన ఎంత కురిసినా ఆ వేళ్ళ మీద నీళ్ళు పారిపోతాయే గాని నిలవవు. వేరుకి గాలి ఎప్పుడూ ఉంటుంది. మన పింగాణీ కుండీకి చాలాసార్లు అడుగున చిల్లే ఉండదు. చిరపుంజి వానకి చావని చెట్టు విజయనగరం హాల్లో చెంబుడు నీళ్ళకి చచ్చిపోవడం అందుకే.

దాహం మాత్రం ఇది బాగా ఓర్చుకుంటుంది. డిగ్రీలో బోటనీ ప్రాక్టికల్స్‌కి మాకు రబ్బరు ఆకు ఇచ్చేవారు. బంగాళాదుంప ముక్క మధ్యలో ఆకు ముక్క దూర్చి బ్లేడుతో పల్చగా కోసి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసి, గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూడాలి. నాకు పదో పన్నెండో పాడయ్యాక ఒకటి కుదిరింది. మామూలు ఆకుకి పైపొర ఒక వరస కణాలే. దీనికి రెండు మూడు వరసలున్నాయి, ఇటుకల గోడలా. వాటి మధ్య ఒక పెద్ద కణంలో పైనుంచి సన్నటి కాడకి వేలాడుతూ ద్రాక్షగుత్తి లాంటి ముద్ద. సున్నం గుత్తి అది, సిస్టోలిత్ అంటారు. ఆ రోజు ఆ గుత్తి చూసి మురిసిపోయి రికార్డులో బొమ్మ వేసుకున్నానే గాని, ఆ ఇటుకల వరసలు ఎందుకున్నాయో ఆలోచించలేదు. ఆ వరసల్లో నీళ్ళు దాస్తుంది ఆకు. పత్రరంధ్రాలు అడుగు వైపున గుంటల్లో దాగి ఉంటాయి. పైన మైనం పూత. నీటిని పొదుపు చేసుకోవడానికి ఇన్ని ఏర్పాట్లు చేసుకున్న ఆకు మీ దగ్గర రోజూ నీళ్ళు ఎందుకు అడుగుతుంది?

కాబట్టి వేలు పెట్టి చూడండి. రెండు కణుపుల లోతున పొడిగా తగిలితేనే నీళ్ళు. వేలు దిగకపోతే కాల్చేసిన అగరుబత్తి పుల్ల గుచ్చి తీయండి, తడి మట్టి అంటుకుని వస్తే ఇంకా ఆగాలి. పోసినప్పుడు మాత్రం అడుగు చిల్లులోంచి కారేదాకా పోయాలి, పళ్ళెంలో నిలిచింది పారబోయాలి. మా కిటికీ దగ్గర మే నెలలో నాలుగైదు రోజులకి పోస్తాను, ఆగస్టులో పది పన్నెండు రోజులైనా మట్టి ఆరదు. ఈ లెక్క మీ ఇంటికి పనికిరాదు, మీ వేలే లెక్క. ఆకుల మీద రోజూ నీళ్ళు చిలకరించమని కూడా చెబుతుంటారు. హీటర్లు వేసుకుని గాలి ఎండిపోయే ఇళ్ళకి ఆ మాట పనికొస్తుందేమో గాని, ఉతికిన బట్టలు వానాకాలంలో రెండ్రోజులకి గాని ఆరని మన తీరానికి ఆ అవసరం లేదు. దాని బదులు పదిహేను రోజులకోసారి తడిగుడ్డతో ఆకు పైన, కింద తుడవండి. దుమ్ము పొర కూడా చీకటే. మెరవాలని కొబ్బరినూనె రాయకండి, దానికి దుమ్ము ఇంకా పట్టేస్తుంది.

మా అత్తయ్యకి మొదట్లో ఈ మొక్క ఇష్టం లేదు. "పాలుగారే చెట్టు ఇంట్లో పెట్టకూడదమ్మా. గోడలు చీల్చీసే జాతి ఇది" అన్నారు. ఆవిడ మాట నేను తీసెయ్యలేదు. మా ఊళ్ళో ఏ పాత గోడ చూసినా సందులోంచి రావి మొక్క తొంగి చూస్తుంది. దాన్ని చిన్నప్పుడే తీయకపోతే గోడే పోతుంది. ఇదీ ఆ రక్తమే. అడవిలో వందడుగులు దాటి పెరుగుతుంది. కుండీలో పట్టడం లేదని తీసుకెళ్ళి ఇంటి పునాది పక్కనో, సెప్టిక్ ట్యాంకు పక్కనో నాటేవాళ్ళు అత్తయ్య మాట వినాలి. పాలు కూడా నిజమే. కోసిన చోట తెల్లగా కారుతాయి, చర్మానికి తగిలితే కొందరికి దురద, కంట్లో పడితే మంట. పాకే పిల్లలు, ఆకు కొరికే పిల్లి ఉన్న ఇంట్లో అందకుండా పెట్టాలి. ఇవన్నీ ఒప్పుకుని, "కుండీలో ఉన్నంతకాలం వేరు మన చేతిలో ఉంటుంది అత్తయ్యా, రెండేళ్ళకోసారి తీసి చూస్తాను" అన్నాను. ఒప్పుకున్నారు. ఇప్పుడు నేను ఊరెళితే వేలు పెట్టి చూసి నీళ్ళు పోసేది ఆవిడే.

మొదటిది పోయాక రెండో మొక్క 2013లో తెచ్చి, తూర్పు బాల్కనీలో పెట్టాను. మరుసటి ఏడు అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. రాత్రంతా తలుపులు కొట్టుకున్నాయి. కరెంటు పోయి రోజుల తరబడి రాలేదు. సోమవారం పొద్దున్న బాల్కనీ తలుపు తీస్తే కుండీ పక్కకి పడి, మొక్క నడుముకి విరిగి ఉంది. విరిగిన చోట పాలు కారి గడ్డకట్టి జిగురులా ఉన్నాయి. వీధి నిండా చెట్లు పడి ఉంటే ఒక్క కుండీ కోసం ఏడవడం ఏమిటనిపించి ఏడుపు ఆపుకున్నాను. మోడుని మాత్రం పారెయ్యలేదు. నెలా పదిహేను రోజులకి, విరిగిన చోటికి కింద, ఆకు రాలిన మచ్చల పైన రెండు చోట్ల ఎర్రటి ముక్కులు పొడుచుకొచ్చాయి. పై చిగురు ఉన్నంతకాలం అది కింది మొగ్గల్ని లేవనివ్వదు. అది విరగడంతో రెండు లేచాయి. ఒంటి కర్రలా ఉన్న మొక్క ఆ తుఫానుతో చెట్టు రూపానికి వచ్చింది. అప్పటినుంచి నేనే తొలకరికి ముందు కత్తెర పడుతున్నాను, పాత గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకుని పాలు ఆగేదాకా ఒత్తుతాను.

కొత్త ఆకు విప్పుకోవడం చూడని వాళ్ళు ఒక్కసారి చూడాలి. కొమ్మ చివర మిరపకాయలా సన్నటి ఎర్రటి తొడుగు. లోపల ఆకు చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఒకరోజు తొడుగు ఒక పక్కకి చీలుతుంది. ఆకు లేత రాగి రంగులో, ఇంకా తడిగా ఉన్నట్టు, మధ్య ఈనె ఎర్రగా. తొడుగు ఎండి కాగితంలా ఆకు భుజం మీద రెండు మూడు రోజులు అంటిపెట్టుకుని పడిపోతుంది. నేను లాగను. ఒకసారి లాగితే ఆకు అంచు చిరిగింది.

కరోనా తర్వాత చాలామంది దీన్ని గాలి శుభ్రం చేస్తుందని కొంటున్నారు. 1989లో నాసా చేయించిన ప్రయోగం పేరు చెబుతారు. ఆ ప్రయోగం మూసేసిన చిన్న గాజు పెట్టెల్లాంటి గదుల్లో కొన్ని ఇంటి మొక్కల మీద జరిగింది. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కవేస్తే, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే శుభ్రానికి సాటి రావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. పదడుగులకి పదడుగుల గదికి తక్కువలో తక్కువ తొంభై కుండీలు. కిటికీ తెరిస్తే ఆ పని ఊరికే అయిపోతుంది. కిటికీ మూసి, కర్టెన్ వేసి, గాలి కోసం మొక్క తెచ్చి ఆ చీకట్లో పెట్టడం రెండు విధాలా నష్టం. గాలీ రాదు, మొక్కా ఉండదు.

కుండీ మట్టి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి ఒక పాలు. తెచ్చిన మొక్కకి నర్సరీ జిగట మట్టి గడ్డ ఉంటే వేళ్ళు తెగకుండా నీళ్ళలో నానబెట్టి నెమ్మదిగా విడదీయండి. కుండీ పెద్దదైతే మంచిదనుకోకండి, వేరు చేరని మట్టిలో నీరే నిలుస్తుంది. తెల్లటి పిండిలా కనిపించే పిండినల్లి పురుగు పడితే దూదితో తుడిచి, నీళ్ళలో కొంచెం వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఇన్నాళ్ళూ చీకట్లో ఉన్న మొక్కని ఒక్కరోజులో ఎండలో పెట్టకండి, ఆకులు మాడి గోధుమ రంగు మచ్చలు పడతాయి. పది పదిహేను రోజుల్లో కొంచెం కొంచెంగా జరపండి. పడమటి కిటికీ అయితే ఏప్రిల్, మే మధ్యాహ్నాలు పల్చటి కర్టెన్ అడ్డం ఉండాలి.

వదినకి ఇదంతా చెప్పాక ఇల్లంతా తిరిగి అరచెయ్యి నీడ చూశాం. హాల్లో ఎక్కడా పడలేదు. వంటింటి పక్క గదిలో తూర్పు కిటికీ దగ్గర వేళ్ళు ఐదూ తెలిసాయి. అక్కడ ఆవిడ కుట్టు మిషను ఉంది.

"మిషనెక్కడ పెట్టుకోను వదినా?" అంది.

"మిషనుకి లైటు వేసుకోవచ్చు కదా" అన్నాను.

కాసేపు ఆలోచించి, ఇద్దరం కలిసి మిషను గోడవైపు జరిపాం. కుండీ కిటికీకి మూడడుగుల దూరంలో పెట్టాం, ఈ వారం అక్కడ, వచ్చేవారం ఇంకొంచెం దగ్గరికి. చెంబు మాత్రం తీసి లోపల పెట్టేయమన్నాను. మట్టి ఇంకా తడిగానే ఉంది. ఆరాక తీసి వేళ్ళు చూడాలి. ఆదివారం వెళ్తానన్నాను. ఇసుక జల్లించి సంచిలో పోసి ఉంచాను.